గేర్‌బాక్సు దించే ముందు: పాత ఆటోమేటిక్ కారులో లోపం ఎక్కడుందో పట్టడం

నెల్లూరు, ఒంగోలు షెడ్లకు పదీ పన్నెండేళ్ల ఆటోమేటిక్ కారు మొరాయించి వస్తే తరచుగా వినపడే మాట ఒకటే: “బాక్సు పోయింది సార్, దించాల్సిందే.” కొన్నిసార్లు అది నిజమే అవుతుంది. అయితే ఆ మాట ఏ దశలో వచ్చిందన్నది ముఖ్యం. ఆయిల్ చూడకముందే, కారు కంప్యూటర్‌లోని తప్పు కోడ్లు చదివే స్కానర్ పెట్టకముందే, ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు కదిపి చూడకముందే వచ్చిందంటే అది ఊహ మాత్రమే. మాన్యువల్ గేర్‌బాక్సు విషయంలో ఊహ తప్పితే ఒక రోజు కూలీ, ఒక క్లచ్ ప్లేటు ఖర్చుతో పోతుంది. ఆటోమేటిక్‌లో తప్పితే కారు విలువలో పెద్ద ముక్కే పోతుంది. ఇంజిన్ బాగానే ఉన్న పాత ఐ10, రిట్జ్, బ్రియో, సిటీ లాంటి కార్లను వచ్చిన కాడికి అమ్ముకోవడం వెనక చాలాసార్లు ఈ భయమే ఉంటుంది.

దీనికి మెకానిక్‌ని తప్పుపట్టి లాభం లేదు. ఈ జిల్లాల్లో నిన్నమొన్నటి దాకా ఆటోమేటిక్ కార్లే తక్కువ. వందల మాన్యువల్ బాక్సులు విప్పి బిగించిన చేతికి ఆటోమేటిక్ ఎప్పుడో ఒకటి తగులుతుంది. మాన్యువల్ అలవాటు ప్రకారం గేరు సరిగా పడకపోతే లోపం లోపలే ఉంటుంది, విప్పితే కనపడుతుంది. ఆటోమేటిక్‌లో గేరు సరిగా పడకపోవడానికి బయటి కారణాలు కూడా అన్నే ఉన్నాయి. పైగా విప్పినా లోపం కళ్లకు కనపడుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే ఇక్కడ పనితనం కంటే ముందు వరుస కావాలి. డబ్బు ఖర్చు కాని పరీక్షలన్నీ అయ్యాకే స్పానర్ పట్టుకోవాలి.

ఏ రకం ఆటోమేటిక్ అన్నదే మొదటి ప్రశ్న

ఆటోమేటిక్ అనే ఒక్క పేరు కింద మన రోడ్ల మీద కనీసం నాలుగు రకాల యంత్రాలు తిరుగుతున్నాయి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు చంపుతుంది కూడా.

పాత ఐ10, రిట్జ్, ఏ-స్టార్‌లో వచ్చిన 4 స్పీడ్ బాక్సులు, బ్రియోలో వచ్చిన 5 స్పీడ్ బాక్సు టార్క్ కన్వర్టర్ రకం. వీటిలో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య క్లచ్ ప్లేటు ఉండదు. ఇంజిన్ శక్తిని ఆయిల్ ప్రవాహమే అవతలికి చేరుస్తుంది. లోపల గేర్లు మార్చే క్లచ్ ప్యాకులను (సన్నటి ప్లేట్ల దొంతరలను) కూడా ఆయిల్ ఒత్తిడే నొక్కుతుంది. ఆ ఒత్తిడిని ఎటు పంపాలో వాల్వ్ బాడీ (ఆయిల్ దారులుండే దిమ్మె) మీద ఉండే సోలినాయిడ్లు, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వులు, చూసుకుంటాయి, వాటికి హుకుం జారీ చేసేది ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్. అంటే ఈ బాక్సుకు ఆయిల్ అంటే అరుగుదల తగ్గించేది మాత్రమే కాదు, పని చేసేదే అది.

2000ల నాటి హోండా సిటీ జెడ్‌ఎక్స్, ఆ తర్వాత నిస్సాన్ మైక్రా వంటి వాటిలో వచ్చింది సీవీటీ. ఇందులో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తుంది. దీని ఆయిల్ వేరు. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పోస్తే బెల్టు పట్టు తప్పి పుల్లీలను గీసేస్తుంది, ఇక అది బాగుపడదు.

మూడోది ఏఎంటీ. 2014లో సెలెరియోతో మన చిన్న కార్లలోకి వచ్చింది, మారుతి దీన్నే ఏజీఎస్ అంటుంది. పేరుకు ఆటోమేటిక్ గానీ లోపలున్నది మామూలు మాన్యువల్ బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని కంప్యూటర్ చెప్పినట్టు కదిలే యాక్చుయేటర్లు చేస్తాయి. గేరు లివర్ దగ్గర ‘పి’ (పార్కింగ్) లేకపోతే అది చాలావరకు ఏఎంటీ అనుకోవచ్చు. నాలుగోది పోలో జీటీ టీఎస్‌ఐలో వచ్చిన డీఎస్‌జీ లాంటి డబుల్ క్లచ్ రకం. దాని కంప్యూటర్, వాల్వులు కలిసి ఉండే మెకట్రానిక్స్ యూనిట్‌కు కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా చెయ్యి పెట్టకపోవడం మేలు.

ఏఎంటీ కారు జర్క్ కొడుతోందని ఏటీఎఫ్ మార్చమని అడిగే ఓనర్లు ఉంటారు. దాంట్లో ఏటీఎఫ్ ఉండదు. ట్రాఫిక్‌లో పాకినప్పుడు కుదుపు, ఎత్తు మీద లాగలేకపోవడం, కాలిన వాసన... ఈ మూడూ కలిస్తే ముందు క్లచ్ ప్లేటును అనుమానించాలి. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్ల ఏఎంటీలో ప్లేటు తొందరగా అరుగుతుంది. ప్లేటు మార్చాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు నేర్పడం) చేయించకపోతే కొత్త ప్లేటుతో కూడా జర్క్ పోదు. హైడ్రాలిక్ పంపు, అందులోని ఆయిల్ మట్టం తర్వాతి అనుమానం. ఈ వ్యాసంలో ఇక మీదట చెప్పేది ప్రధానంగా టార్క్ కన్వర్టర్ రకం గురించే. పాత కార్లలో బాక్సు దించాలన్న తీర్పు ఎక్కువగా పడేది దాని మీదే.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న కారైతే సగం విచారణ అక్కడే అయిపోతుంది. కానీ చూసే పద్ధతి తెలియాలి. ఇంజిన్ ఆయిల్ లాగా పొద్దున్నే చల్లటి బండిలో చూస్తే ఏటీఎఫ్ మట్టం తప్పు చెబుతుంది, ఎందుకంటే వేడెక్కాక అది వ్యాకోచిస్తుంది. బండిని కాసేపు నడిపి, చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టి లివర్‌ని అన్ని స్థానాల్లోకీ నెమ్మదిగా తిప్పి, కంపెనీ చెప్పినట్టు ‘పి’లోనో ‘ఎన్‌’లోనో పెట్టి చూడటం చాలా కార్ల పద్ధతి. హోండాది దీనికి రివర్సు: ఫ్యాను తిరిగేంత వేడెక్కాక ఇంజిన్ ఆపి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి. హోండాను ఇంజిన్ ఆన్‌లో చూసి ఆయిల్ తక్కువుందని లీటరు పోస్తే ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది. నురగకు ఒత్తిడి నిలవదు, బాక్సు జారుతుంది, అంటే రేసు పెరిగినా బండి లాగదు. లేని రోగం అలా వస్తుంది. డిప్‌స్టిక్కే లేని బాక్సుల్లో కింద లెవెల్ ప్లగ్ తీసి, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర చూడాలి.

మట్టం తర్వాత రంగు. డిప్‌స్టిక్ మీది చుక్కను తెల్ల కాగితం మీద వేసి వెలుతురులో చూడాలి. ఎర్రగా, పలుచగా పాకితే బాగున్నట్టే. ముదురు గోధుమ రంగు వయసు వల్ల వస్తుంది, ఒక్క రంగు చూసి బెంగపడక్కర్లేదు. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్ల పూత కాలిందని అర్థం. ఆ పరిస్థితిలో ఆయిల్ మారిస్తే ఖర్చే గానీ ఫలితం తక్కువ. చుక్క మధ్యలో మెరిసే లోహపు రేణువులు కనపడితే ఇంకా చెడ్డ వార్త. ఆయిల్ ప్యాన్ విప్పినప్పుడు లోపలి అయస్కాంతాల మీద సన్నటి బూడిద రంగు పేస్టు ఉండటం మామూలే. చేతికి గుచ్చుకునే తునకలు ఉంటే మాత్రం బాక్సు దించాలన్న మాట అప్పుడు అనొచ్చు.

ఇక నెల్లూరు వాళ్లు ప్రత్యేకంగా వెతకాల్సిన రంగు ఒకటుంది. ఏటీఎఫ్ రోజ్‌మిల్క్ లాగా ఉంటే అందులో నీళ్లు కలిసినట్టు. ఇది రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వరద. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు వైపు ముంచెత్తినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లెన్నో. గేర్‌బాక్సు పైన గాలి ఆడటానికి చిన్న బ్రీతర్ గొట్టం ఉంటుంది, నీటిమట్టం దాన్ని దాటితే లోపలికి దిగుతుంది. అంత పెద్ద వరదే అక్కర్లేదు. గట్టి వాన పడితే నిండిపోయే అండర్‌బ్రిడ్జిలో బండి ఆగిపోయినా చాలు. క్లచ్ ప్లేట్ల పూత కాగితం లాంటి పదార్థం, నీళ్లు తగిలితే ఉబ్బి, జిగురు వదిలి ఊడుతుంది. అదే రోజు ఆయిల్ వంచేస్తే బతికే బాక్సు, నీళ్లతోనే నెల తిరిగితే బతకదు. 2015 డిసెంబరు వరదల నాటి చెన్నై కార్లు కూడా సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతుండొచ్చు కాబట్టి తమిళనాడు రిజిస్ట్రేషన్ ఉన్న ఆటోమేటిక్ కొనేవాళ్లు సీట్ల కింద బురద చారలు, తుప్పు చూసుకోవాలి.

రెండో దారి రేడియేటర్. చాలా పాత ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లార్చే గొట్టం రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. అది లోపల పగిలితే కూలెంట్ ఏటీఎఫ్‌లో కలుస్తుంది, ఏటీఎఫ్ కూలెంట్‌లోకి వస్తుంది. అందుకే ఏటీఎఫ్ చూసినప్పుడల్లా రేడియేటర్ మూత కూడా, బండి చల్లారాక, తీసి చూడటం మంచిది. నీళ్ల మీద నూనె తెట్టు కనపడితే ముందు మార్చాల్సింది రేడియేటర్‌ని. అది మార్చకుండా బాక్సు బాగుచేస్తే కొత్త బాక్సు కూడా అదే దారి పడుతుంది.

రేడియేటర్ పగలకపోయినా బాక్సును చంపగలదు. ఒంగోలు నుంచి పొదిలి, కనిగిరి వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఆ నీళ్లే పోసుకుంటూ పోతే రేడియేటర్ గొట్టాల్లో గార పేరుకుంటుంది. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కాస్త పైకి పోయినా అలవాటైపోయి ఎవరూ పట్టించుకోరు. దాని పక్కనే చల్లారాల్సిన ఏటీఎఫ్ కూడా మరుగుతుంటుంది. మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర పనిచేసే ఈ ఆయిల్‌కు ఆ పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. మే నెల ఎండలో ఏసీ వేసుకుని నెల్లూరు ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో పాకే బండికి, నిండు మనుషులతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి ఈ పది డిగ్రీలు దాటడం ఎంతసేపు? ఆయిల్‌ను జీవితకాలం మార్చక్కర్లేదన్న మాటను ఈ వాతావరణంలో నమ్మకపోవడమే మంచిది.

ఆయిల్ మారిస్తే బాక్సు పోతుందన్న నమ్మకం ఒకటి షెడ్లలో బలంగా ఉంది. దాని వెనక అసలు కథ చాలాసార్లు వేరే. బాక్సు జారడం మొదలయ్యాకే ఓనరు ఆయిల్ మార్పిస్తాడు. అప్పటికే పోతున్న బాక్సు ఆ తర్వాత పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మిషన్ పెట్టి ఒత్తిడితో కడిగేయడం మాత్రం ముదిరిన బాక్సుకు రిస్కే, మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో ఇరుక్కోవచ్చు. కింద ప్లగ్ తీసి వంచి పోయడం నయం. అలా వంచితే సగానికి సగం కూడా రాదు, మిగిలింది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి కొంతకాలం నడిపి మళ్లీ వంచాలి. గ్రేడు విషయంలో రాజీ కుదరదు. పాత 4 స్పీడ్ హ్యుందాయ్‌కి ఎస్‌పీ-3, పాత జెడ్-1 వాడిన హోండా బాక్సులకు ఇప్పుడు డీడబ్ల్యూ-1. ఎర్రగా ఉంది కదా అని పవర్ స్టీరింగ్ డబ్బా ఎత్తకూడదు.

లక్షణాన్ని విడగొట్టడం

“జర్క్ కొడుతోంది” అన్న ఒక్క ముక్కతో ఏ డాక్టరైనా ఏం చేస్తాడు? ఎప్పుడు, ఏ స్పీడులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏసీ వేస్తేనా తీస్తేనా... ఇవి చెప్పగలిగితే సగం పని ఓనరే చేసినట్టు. పొద్దున మొదటి పది నిమిషాలే ఇబ్బంది పెట్టి తర్వాత సర్దుకునే బండిలో గట్టిపడిన సీళ్లను, పాత ఆయిల్‌ను అనుమానించాలి. పొద్దున బాగుండి, కావలి దాటేసరికి మొదలయ్యే లోపమైతే వేడికి పలచబడిన ఆయిల్ ఎక్కడో లోపల లీకవుతోందనో, సోలినాయిడ్ వేడికి మొండికేస్తోందనో ఆలోచించాలి. మధ్యాహ్నం షెడ్డు చుట్టూ ఒక రౌండు కొట్టి “ఏం లేదు సార్” అనేస్తే పొద్దుటి లోపం దొరకదు. బండిని రాత్రి షెడ్డులోనే వదిలి, మెకానిక్కే పొద్దున స్టార్ట్ చేసి చూడటం మంచి పద్ధతి.

‘డి’లోకి గానీ ‘ఆర్‌’లోకి గానీ వేశాక బండి అందుకోవడానికి రెండు సెకన్లకు మించి పడుతుంటే అది ఆలస్యం కిందే లెక్క. రెండిట్లోనూ ఆలస్యమైతే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి: ఆయిల్ మట్టం, ఫిల్టరు, పంపు ఒత్తిడి. రివర్సులో మాత్రమే అయితే లోపం ఆ గేరుకు సంబంధించిన క్లచ్‌లోనో దాని సీళ్లలోనో ఉందని వెతుకులాట సన్నబడుతుంది. గేరు పడేటప్పుడు ఠంగుమని దెబ్బ మాత్రమే వస్తుంటే బానెట్ ఎత్తి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి ‘డి’, ‘ఆర్’ మార్చుతుంటే ఇంకొకరు పక్కన, బండి ముందు కాదు, నిలబడి ఇంజిన్ ఎంత ఊగుతోందో చూడాలి. చిరిగిన మౌంటింగు రబ్బరు ఇచ్చే దెబ్బ, బాక్సు ఇచ్చే దెబ్బ సీట్లో కూర్చున్నవాడికి ఒకేలా తెలుస్తాయి. ఖర్చులో మాత్రం పోలికే లేదు.

గందరగోళం ఎక్కువగా ఉండేది వణుకు దగ్గర. హైవే మీద 50 నుంచి 70 మధ్య, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తున్నప్పుడు గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు బండి వణుకుతుంది. ఇది టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ (నిలకడ స్పీడులో ఇంజిన్‌ను బాక్సుతో నేరుగా కలిపి పట్టేది) వల్ల కావచ్చు, ఇంజిన్ మిస్ఫైర్ (ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) వల్లా కావచ్చు. విడగొట్టడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. వెనక బండ్లు లేని చోట, వణుకు వస్తున్న స్పీడులోనే యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకాలి. బ్రేకు స్విచ్ పడగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలోనే ఆగి, కాలు తీశాక కాసేపటికి మళ్లీ మొదలైతే అది లాకప్ పనే. సరైన ఆయిల్ రెండు విడతలుగా మారిస్తే తగ్గే అవకాశం ఎక్కువ. బ్రేకు తాకినా తేడా లేకపోతే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువైతే, గేర్‌బాక్సును వదిలి స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు చూడాలి. ప్లగ్గులు మార్చాల్సిన కారుకు కన్వర్టర్ మార్చిన బిల్లు కట్టకుండా ఆపేది ఈ ఒక్క పరీక్షే.

సిటీ జెడ్‌ఎక్స్ సీవీటీలో కదిలేటప్పుడు వచ్చే వణుకు కథ వేరు. దానికి టార్క్ కన్వర్టర్ లేదు, బండి కదిలేటప్పుడు పట్టుకునే స్టార్ట్ క్లచ్ ఉంటుంది. పాత ఆయిల్‌తో అది వణకడం బాగా తెలిసిన జబ్బే, హోండా సీవీటీ ఆయిల్ మార్చడంతోనే చాలా బండ్లు సర్దుకున్నాయి.

రేసు పెరుగుతోంది గానీ బండి లాగడం లేదంటే జారుతోందన్నమాట. ఆయిల్ మట్టం సరిగా ఉండి కూడా జారితే, అందులోనూ ఒకే గేరు మారే చోట రేసు ఎగురుతుంటే, లోపలి క్లచ్ ప్యాకు మీదకు వేలు పోతుంది. ఇక్కడ కొందరు స్టాల్ టెస్ట్ చేస్తారు: బ్రేకు పూర్తిగా తొక్కి ‘డి’లో ఫుల్ రేసు ఇచ్చి ఆర్‌పీఎం ఎక్కడ ఆగుతుందో చూడటం. ఐదు సెకన్లు దాటితే ఆయిల్ ఉడికిపోతుంది. అలిసిన పాత బాక్సు మీద దీన్ని పదే పదే చేయడం రోగిని పరుగెత్తించి గుండె చూడటమే. ఒత్తిడి గేజి పెట్టి లైన్ ప్రెజర్ (బాక్సు లోపలి ఆయిల్ ఒత్తిడి) కొలవడం దీనికన్నా నికరమైన పరీక్ష, కానీ ఆ గేజి ఉన్న షెడ్డు వెతుక్కోవాలి.

బండి ఉన్నట్టుండి పికప్ చచ్చిపోయి, ఎంత రేసు ఇచ్చినా ఎద్దుబండిలా కదిలి, స్పీడు అందుకున్నాక బాగానే పోతుంటే భయపడే ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చాలా 4 స్పీడ్ బాక్సులు కంప్యూటర్‌కు అనుమానం వస్తే ఎలక్ట్రికల్ నియంత్రణ వదిలేసి 3వ గేరులో నిలబడిపోతాయి. అది బాక్సు పోవడం కాదు, బాక్సు తనను తాను కాపాడుకోవడం. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడుస్తుంది కూడా. ఇలాంటప్పుడు స్పానర్ కన్నా ముందు స్కానర్ కావాలి.

ఆన్‌లైన్‌లో దొరికే చౌక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. అందులో పీ0700 అని వస్తే “గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి చూడు” అనడమే, అంతకు మించి ఏమీ లేదు. ఆ ఒక్క నంబరు చూపించి బాక్సు దించమంటే ఒప్పుకోకూడదు. గేర్‌బాక్సు కంప్యూటర్‌ను చదవగల స్కానర్‌లో పీ0715 వస్తే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0720 అయితే ఔట్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0705 అయితే లివర్ స్థానం చెప్పే ఇన్హిబిటర్ స్విచ్ సర్క్యూట్. ఇవన్నీ చాలా కార్లలో బాక్సు దించకుండానే అందుతాయి. ‘పి’లో స్టార్ట్ కాకుండా ‘ఎన్‌’లో అవుతున్నా, మీటర్లో చూపే అక్షరం లివర్‌తో కలవకపోయినా ఇన్హిబిటర్ స్విచ్ మీదే మొదటి చూపు. పీ0730 వస్తే మాత్రం గేరు నిష్పత్తి కలవడం లేదని, నిజంగానే ఏదో జారుతోందని అర్థం. పీ0740 లాకప్ సర్క్యూట్‌ది, పీ0750 షిఫ్ట్ సోలినాయిడ్‌ది. కోడ్ వచ్చిందంటే ఆ పార్టు పోయిందని కాదు, ఆ దారిలో ఎక్కడో తేడా ఉందని. వైరు తెగినా, కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టినా అదే కోడ్ వస్తుంది.

సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో ఈ చిలుము తక్కువ విషయమేమీ కాదు. మైపాడు, కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బండ్లలో బ్యాటరీ ఎర్త్ వైరు, బాక్సు మీద బిగించే ఎర్త్ స్ట్రాపు తినేసి ఉంటాయి. బ్యాటరీ దించి శుభ్రం చేసి, ఎర్త్ బిగించి, స్టార్ట్ చేశాక వోల్టేజీ 13.8 నుంచి 14.5 మధ్య ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. వోల్టేజీ కుంగితే సోలినాయిడ్లు సరిగా తెరుచుకోవు, ఏఎంటీ యాక్చుయేటర్లైతే గేరే వెయ్యవు.

ఇవన్నీ దాటాక, ఆయిల్‌లో లోహం, జారుతున్న కోడు, తక్కువ ఒత్తిడి... వీటిలో కనీసం రెండు ఒకే వైపు వేలు చూపిస్తుంటే బాక్సు దించాల్సిందే. అప్పుడు ఓనరు ముందు రెండు దారులుంటాయి: ఉన్నదాన్ని ఓవర్‌హాల్ (విప్పి బాగు) చేయించడం, లేదా చెన్నై పుదుపేట లాంటి చోట సెకండ్ హ్యాండ్ బాక్సు తేవడం. రెండోది చౌకగా కనపడుతుంది గానీ ఆ బాక్సు ఏ బండిలోంచి, ఎందుకు బయటికొచ్చిందో ఎవరూ చెప్పరు. తెచ్చేముందు దాని ప్యాన్ విప్పించి అయస్కాంతం చూడటం, పార్టు నంబరు కలుస్తోందో చూసుకోవడం కనీస జాగ్రత్త. బిగించాక పాత కూలర్ గొట్టాలను కడగకపోతే పాత బాక్సు కక్కిన లోహపు పొడి కొత్తదానిలోకి చేరుతుంది. కంప్యూటర్‌లో పాత బాక్సు అరుగుదలకు తగ్గట్టు సర్దుకున్న విలువలను చెరిపేయకపోతే మంచి బాక్సు కూడా మొదట్లో జర్క్ కొడుతుంది.

హైవే మీద ఆగిపోయిన ఆటోమేటిక్‌ను ‘ఎన్‌’లో పెట్టి, తాడు కట్టి కావలి నుంచి నెల్లూరు దాకా లాక్కొచ్చేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ ఆగితే బాక్సులో పంపు తిరగదు. పంపు తిరక్కపోతే ముందు చక్రాలతో పాటు తిరిగే లోపలి భాగాలకు ఆయిల్ అందదు, సెన్సర్ ఒక్కటే పోయిన బాక్సు షెడ్డు చేరేసరికి నిజంగానే పోతుంది. ఈ చిన్న కార్లన్నీ దాదాపుగా ముందు చక్రాలతో నడిచేవే కాబట్టి ముందు చక్రాలు రెండూ పైకెత్తి గానీ, మొత్తం బండిని ఫ్లాట్‌బెడ్ మీదకెక్కించి గానీ తీసుకురావాలి.